మహిళల ఐస్ హాకీ ప్రపంచ ఛాంపియన్‌షిప్: ఫైనల్ ఎప్పుడూ అమెరికా, కెనడాలకేనా?

విభాగం: క్రికెట్ కాని ఆటలు

నిజాంపేట్_నిశాచరి | 2025 ఏప్రిల్ 21, ఉదయం 6:40

నిన్న రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఇంట్లోంచీ ముంబై–చెన్నై మ్యాచ్ కేకలే. నేను మాత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చెక్ దేశంలోని చెస్కే బుడెయోవిట్సె అనే ఊళ్ళో జరిగిన ఐస్ హాకీ ఫైనల్ చూశాను. అమెరికా 4, కెనడా 3. అరవై నిమిషాల్లో తేలక ఓవర్‌టైమ్‌కి వెళ్ళింది. అది కూడా 17 నిమిషాలు దాటాక టెస్సా జనెకీ గోల్ కొట్టి ముగించింది. మ్యాచ్ మధ్యలో అమెరికా గోలీ (గోల్‌కీపర్) ఎరిన్ ఫ్రాంకెల్‌కి దెబ్బ తగిలి బయటికి వెళ్ళిపోతే, అప్పటిదాకా బెంచీ మీదే ఉన్న గ్వినెత్ ఫిలిప్స్ దిగి చివరిదాకా నిలబడింది. హిలరీ నైట్‌కి ఇది పదో ప్రపంచ స్వర్ణం అట.

మ్యాచ్ అదిరింది, అందులో అనుమానం లేదు. కానీ తర్వాత పాత ఫలితాలు తిరగేస్తే నీరసం వచ్చింది. 1990 నుంచి 24 టోర్నీలు. కెనడా 13, అమెరికా 11. మూడో దేశం పేరే లేదు. దీన్ని ప్రపంచ ఛాంపియన్‌షిప్ అనడం న్యాయమేనా?

ఇంకో డౌటు. గ్రూప్ ఏలో ఐదు జట్లుంటే ఐదూ క్వార్టర్స్‌కి వెళ్తున్నాయి. అన్నీ ఓడినా వెళ్తారా? ఇదెక్కడి లెక్క?

చార్మినార్_చిచ్చా | ఏప్రిల్ 21, ఉదయం 7:15

హాకీ అంటే మాకు గచ్చిబౌలిలో టర్ఫ్ మీద ఆడేదే భాయ్. 42 డిగ్రీల ఎండలో మీకు ఐస్ హాకీ ఎట్ల యాదికొచ్చింది?

మూడో_పీరియడ్ | ఏప్రిల్ 21, ఉదయం 9:02

నిశాచరి గారూ, ముందు లెక్క సంగతి.

పది జట్లు. ర్యాంకింగ్‌లో మొదటి ఐదు గ్రూప్ ఏ, తర్వాతి ఐదు గ్రూప్ బీ. ఈసారి ఏలో అమెరికా, కెనడా, ఫిన్లాండ్, చెక్, స్విట్జర్లాండ్. బీలో స్వీడన్, జర్మనీ, జపాన్, హంగరీ, నార్వే. ఏలో ఐదూ, బీలో మొదటి మూడూ క్వార్టర్స్‌కి వెళ్తాయి. బీలో చివరి రెండూ కింది డివిజన్‌కి దిగిపోతాయి. అవునండీ, ఏలో నాలుగూ ఓడినా క్వార్టర్స్ ఖాయమే. కాకపోతే నాలుగో జట్టు, ఐదో జట్టు అక్కడ ఒకదానితో ఒకటి తలపడాలి కాబట్టి సెమీస్ ఏమీ ఉచితంగా రాదు.

ఇలా ఎందుకు పెట్టారంటే, బలమైన జట్లనీ బలహీనమైన జట్లనీ ఒకే గ్రూపులో వేసిన రోజుల్లో స్కోర్లు చూడలేకపోయేవాళ్ళం. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో కెనడా స్లొవేకియాని 18–0తో ఓడించింది. అదే స్లొవేకియా అంతకుముందు 2008లో ఒలింపిక్ క్వాలిఫయర్‌లో బల్గేరియా మీద 82–0తో గెలిచింది. అచ్చుతప్పు కాదు, ఎనభై రెండే. వాంకూవర్‌లోనే అప్పటి ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు జాక్ రోగ్, మిగతా దేశాలు ఎదగకపోతే ఈ ఆటని ఒలింపిక్స్‌లో ఉంచడం కష్టమని బహిరంగంగా అన్నాడు. 2012 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఈ అంచెల పద్ధతి వచ్చింది. సమానులు సమానులతో ఆడతారు. నార్వే వాళ్ళు వెళ్ళి కెనడా చేతిలో పదిహేను గోల్స్ తినే కంటే, హంగరీతో హోరాహోరీ ఆడితే వాళ్ళకే మంచిది కదా.

నాకైతే ఈ పద్ధతి నచ్చింది. పైకి అన్యాయంగా కనిపిస్తుంది, అంతే.

వరంగల్_విమర్శ | ఏప్రిల్ 21, ఉదయం 9:40

పద్ధతి మార్చారు సరే, ఫలితం మారిందా? సెమీస్‌లో కెనడా ఫిన్లాండ్‌ని 8–1తో చితక్కొట్టింది. రెండు దేశాల పెళ్ళికి ఎనిమిది దేశాల పేరంటం ఇది.

పైగా ఆడవాళ్ళ ఆటలో బాడీ చెక్ లేదు. గుద్దుకోని ఐస్ హాకీ ఏం ఐస్ హాకీ?

సైనిక్‌పురి_సింధు | ఏప్రిల్ 21, ఉదయం 10:20

విమర్శ గారూ, రెండో సెమీస్ చూడలేదా? అమెరికా–చెక్ 2–1. ఒక్క గోల్ తేడా. మీకు కావలసిన స్కోరే ఏరుకుంటే ఎలా?

బాడీ చెక్ గురించి: 1990లో ఒట్టావాలో మొదటి టోర్నీ జరిగినప్పుడు అది ఉండేది. కెనడా అమ్మాయిలకి గులాబీ రంగు జెర్సీలు వేయించి ఆడించారు అప్పట్లో. ప్రచారం కోసం. ఆ జెర్సీలతోనే అమెరికాని ఫైనల్లో 5–2తో ఓడించారు. తర్వాత బాడీ చెక్ తీసేశారు. అంటే ఆనుకోకుండా ఆడతారని కాదు. పక్ కోసం మైదానం చుట్టూ ఉండే గోడల (బోర్డుల) దగ్గర భుజం భుజం ఒరుసుకుంటూ తోసుకోవడం మామూలే. ఎదురుగా వచ్చి కావాలని గుద్దితేనే ఫౌల్, రెండు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోవాలి. ఆ పక్ గట్టి రబ్బరు ముక్క, బరువు 156 నుంచి 170 గ్రాములు. అంటే దాదాపు మన క్రికెట్ బంతి బరువు. దాన్ని మ్యాచ్‌కి ముందు ఫ్రీజర్‌లో పెట్టి మరీ వాడతారు, ఎగరకుండా ఉండటానికి. వచ్చి గోల్ ముందు నిలబడి ఒక్కటి ఆపండి, అప్పుడు మాట్లాడుకుందాం.

వరంగల్_విమర్శ | ఏప్రిల్ 21, ఉదయం 10:31

నేను నిలబడను మేడం, నాకు ఈఎంఐలు ఉన్నాయి 😄

కానీ నా మొదటి పాయింటు అలాగే ఉంది. 35 ఏళ్ళు, రెండే దేశాలు.

మూడో_పీరియడ్ | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 1:10

కబడ్డీ గుర్తు చేసుకోండి. ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం మనదే అని రాసిపెట్టుకున్నాం. 2018 జకార్తాలో ఇరాన్ అమ్మాయిలు ఫైనల్లో మనల్ని 27–24తో ఓడించారు. వాళ్ళ కోచ్ ఎవరు? శైలజా జైన్. మనావిడే, నాసిక్ నుంచి వెళ్ళింది. గుత్తాధిపత్యం బద్దలయ్యేది ఇలాగే. పై దేశంలో నేర్చుకున్నవాళ్ళు కింది దేశానికి వెళ్ళి నేర్పుతారు.

ఐస్ హాకీలో సరిగ్గా అదే చెక్ జట్టు కథ. కోచ్ కార్లా మెక్లౌడ్ కెనడా తరఫున ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన డిఫెండర్. ఆవిడ వచ్చాక చెక్ 2022లో కాంస్యం, 2023లో మళ్ళీ కాంస్యం. అంతకుముందు వాళ్ళకి ప్రపంచ పతకమే లేదు. ఈసారి సొంతగడ్డ మీద కాంస్యం మ్యాచ్‌లో ఫిన్లాండ్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 4–3తో పోయింది. అయినా టోర్నీకి మొత్తం లక్షా ఇరవై రెండు వేలకి పైగా జనం వచ్చారు. 2007లో విన్నిపెగ్ పేరిట ఉన్న రికార్డు పోయింది. అమెరికా, కెనడాలని చూడటానికే వాళ్ళంతా వచ్చారంటారా?

కిందికి జారిన కథలూ ఉన్నాయి. స్వీడన్ 2006 ఒలింపిక్ సెమీస్‌లో అమెరికాని షూటౌట్‌లో ఓడించి రజతం తెచ్చుకుంది. అదే స్వీడన్ 2019లో ఏకంగా పై డివిజన్ నుంచి కిందికి పడిపోయింది. ఆ ఏడాదే వాళ్ళ జాతీయ జట్టు అమ్మాయిలు జీతాలు, వసతుల మీద సమ్మెకి దిగారు.

ఎస్పూ_గాయం | ఏప్రిల్ 21, రాత్రి 9:55

అందరూ 2019 దగ్గర దాటేస్తున్నారు. నేను దాటనివ్వను.

ఆ ఏడాది టోర్నీ ఫిన్లాండ్‌లోని ఎస్పూలో. సెమీస్‌లో ఫిన్లాండ్ కెనడాని 4–2తో ఇంటికి పంపింది. చరిత్రలో కెనడా లేని ఏకైక ఫైనల్ అదే. ఫైనల్లో అమెరికా. గోల్‌లో నూరా రాటీ, ఆ రోజు 50 షాట్లు ఆపింది. యాభై! 1–1తో ఓవర్‌టైమ్. పెట్రా నీమినెన్ గోల్ కొట్టింది. హెల్మెట్లు, గ్లవ్స్ గాల్లోకి ఎగిరాయి, బెంచీ మొత్తం ఐస్ మీదికి దూకేసింది, హాలంతా ఏడుస్తోంది. రిఫరీలు మాత్రం హెడ్‌ఫోన్లు పెట్టుకుని వీడియో చూస్తున్నారు. చూస్తూనే ఉన్నారు. చివరికి గోల్ చెల్లదన్నారు. అమెరికా గోలీకి ఫిన్లాండ్ కెప్టెన్ అడ్డు తగిలిందని. తమాషా ఏంటంటే, అదే ఘటనలో ఆ గోలీకి కూడా ట్రిప్పింగ్ (అడ్డుపెట్టి పడేయడం) పెనాల్టీ వేశారు! తప్పు ఇద్దరిదీ అయితే గోల్ ఒక్కటే ఎందుకు పోయింది?

కప్పు గెలిచి సంబరం చేసుకున్నవాళ్ళని వెనక్కి పిలిచి, గ్లవ్స్ ఏరుకుని మళ్ళీ ఆడమన్నారు. షూటౌట్‌లో అమెరికా గెలిచింది. రికార్డుల్లో ‘అమెరికా 2–1’ అని ఒక్క లైన్.

కాబట్టి "మూడో దేశం పేరే లేదు" అన్నప్పుడల్లా నాకు కాలుతుంది.

సైనిక్‌పురి_సింధు | ఏప్రిల్ 21, రాత్రి 10:30

రూల్ పుస్తకం ప్రకారం ఆ నిర్ణయం సరైనదే అని నా అభిప్రాయం. గోల్ క్రీజులో (గోల్ ముందు గీసిన చోటులో) గోలీ కదలికకి అడ్డం వస్తే గోల్ చెల్లదు, ఎవరు ముందు తగిలారన్నది తర్వాతి మాట. కానీ బాధ అర్థమవుతోంది.

దాని తర్వాత ఒక మంచి జరిగింది. స్వర్ణ పతకం మ్యాచ్‌లో షూటౌట్ తీసేశారు. ఇప్పుడు ఓవర్‌టైమ్‌లో అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఎవరో ఒకరు కొట్టేదాకా ఆడాల్సిందే. నిన్న జనెకీ గోల్ అలా వచ్చిందే. 2021 కాల్గరీలో మరీ-ఫిలిప్ పూలాన్ కొట్టింది ఇంకా వింత. పక్ లోపలి బారుకి తగిలి ఎంత వేగంగా బయటికి వచ్చిందంటే ఎవరికీ గోల్ అని తెలియలేదు. ఆట సాగుతూనే ఉంది, కాసేపటికి హారన్ మోగాక అర్థమైంది కప్పు కెనడాదని.

పూలాన్_భక్తుడు | ఏప్రిల్ 22, ఉదయం 8:05

అమ్మవారి పేరు వినబడింది, వచ్చేశా 🙏

2014 సోచి ఒలింపిక్ ఫైనల్ చూడనివాళ్ళు ఈ వారాంతం వెతికి చూడండి. కెనడా 0–2, మూడున్నర నిమిషాలే ఉన్నాయి. ఒకటి కొట్టారు. తర్వాత గోలీని బయటికి పిలిచి ఆరో అటాకర్‌ని దింపారు, అంటే వెనక గోల్ ఖాళీ. అమెరికా అమ్మాయి అవతలి చివర నుంచి పక్ వదిలింది. అది ఖాళీ గోల్ వైపు దొర్లుకుంటూ వెళ్ళి స్తంభానికి తగిలి ఆగింది. రెండంగుళాలు లోపలికి పోయుంటే అక్కడితో సరి. 55 సెకన్లు మిగిలుండగా పూలాన్ స్కోరు సమం చేసింది. ఓవర్‌టైమ్‌లో మళ్ళీ పూలానే. నాలుగు ఒలింపిక్ ఫైనళ్ళలో గోల్ కొట్టిన ఒకే ఒక్క ప్లేయర్, ఆడవాళ్ళలోనే కాదు, మగవాళ్ళలోనూ.

రెండు దేశాలే అంటున్నారు గానీ ఆ రెండూ కలిస్తే ఇలా ఉంటుంది మరి.

మూడో_పీరియడ్ | ఏప్రిల్ 22, ఉదయం 11:20

ఆ రెండూ ఎందుకు ముందున్నాయో కూడా చూడాలి. అమెరికాలో 1972లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే కాలేజీలు చదువులోనూ ఆటల్లోనూ ఆడ–మగ తేడా చూపకూడదు. దాని పుణ్యమా అని కాలేజీ జట్లు, స్కాలర్‌షిప్పులు. ఐస్ హాకీ ఆడితే డిగ్రీ ఫీజు లేకుండా చదువుకోవచ్చు. కెనడా, ఫిన్లాండ్, చెక్ అమ్మాయిలు కూడా అక్కడికే వెళ్ళి తయారవుతున్నారు. ఇప్పుడు 2024 జనవరి నుంచి పీడబ్ల్యూహెచ్ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ నడుస్తోంది.

అంత ఉన్న దేశంలోనూ ఊరికే రాలేదు. 2017లో మిషిగన్‌లో ఇదే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి ముందు అమెరికా అమ్మాయిలు సరైన జీతం ఇవ్వకపోతే ఆడం అన్నారు. సమాఖ్య వేరే అమ్మాయిలని దింపాలని ఫోన్లు చేస్తే కాలేజీ పిల్లలు, కుర్ర జట్ల పిల్లలు కూడా "మేం రాం" అన్నారు. టోర్నీ ఇంకో మూడు రోజులుందనగా ఒప్పందం కుదిరింది. దిగి, ఆడి, కెనడాని ఓవర్‌టైమ్‌లో 3–2తో ఓడించారు. గోల్ హిలరీ నైట్‌ది.

చార్మినార్_చిచ్చా | ఏప్రిల్ 22, మధ్యాహ్నం 12:05

గిదంతా సరే. మన పిల్లలు ఎప్పుడు ఆడతరు? హైదరాబాద్‌ల ఐస్ యాడుంది, లోయర్ ట్యాంక్‌బండ్ స్నో వరల్డ్‌ల ఫొటోలు దిగుడు తప్ప?

కోల్డ్‌స్టోరేజ్_రావు | ఏప్రిల్ 22, సాయంత్రం 6:45

చిచ్చా అడిగింది నా లైను. పాతికేళ్ళుగా అమోనియా ప్లాంట్లతోనే బతుకు.

అంతర్జాతీయ రింక్ (ఐస్ మైదానం) అంటే పొడవు 60 మీటర్లు, వెడల్పు 26 నుంచి 30. కింద కాంక్రీటు పలకలో పైపులు వలలా పరిచి ఉంటాయి. వాటిలో కాల్షియం క్లోరైడ్ ఉప్పునీరో గ్లైకాలో సున్నాకి బాగా కింద చల్లబరిచి తిప్పుతారు. పైన నీళ్ళు ఒక్కసారి నింపి గడ్డ కట్టించరు, అలా చేస్తే పగుళ్ళిస్తుంది. సన్నటి తుంపరగా చల్లి, ఆ పొర గడ్డకట్టాక ఇంకో పొర. మధ్యలో తెల్ల రంగు, గీతలు, మళ్ళీ పొరలు. మొత్తం మందం అంగుళం, అంగుళంన్నర. లెక్క వేస్తే అటూ ఇటూగా యాభై వేల లీటర్లు, అంటే మన వాటర్‌బోర్డు పెద్ద ట్యాంకర్లు ఐదు. నీటికి భయపడక్కర్లేదు. పీరియడ్ల (ఆట భాగాల) మధ్య తిరిగే బండి (జాంబోనీ అంటారు) పై పొర చెక్కి వేడినీళ్ళు పోస్తుంది. వేడినీళ్ళలో గాలి బుడగలు తక్కువ, పాత ఐస్‌ని కాస్త కరిగించి అతుక్కుంటుంది కాబట్టి అద్దంలా వస్తుంది.

మన ఊళ్ళో అసలు శత్రువు ఎండ కాదు, తేమ. జూలైలో తలుపు తీస్తే చాలు, ఐస్ మీద పొగమంచు లేస్తుంది, సీలింగ్ నుంచి చుక్కలు పడి గడ్డలు కడతాయి. డీహ్యూమిడిఫయర్లు (గాలిలో తేమ లాగేవి) పెద్దవి కావాలి. అవీ, చల్లబరిచే యంత్రాలూ పగలూ రాత్రీ ఆగకూడదు. ప్లాంట్ పెట్టడానికి ఒకసారి డబ్బు దొరుకుతుంది, కరెంటు బిల్లు కట్టడానికి ప్రతి నెలా దొరకాలి. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం పూర్తి సైజు రింక్ కట్టి, తర్వాత ఏళ్ళ తరబడి మూసేసింది ఇందుకే.

ఎండ వంక మాత్రం చెప్పొద్దు. ఎడారిలో అల్ ఐన్‌లో రింక్ ఉంది, బ్యాంకాక్‌లో మాల్ పైఅంతస్తులో ఉంది.

ఇందిరాపార్క్_అమ్మ | ఏప్రిల్ 22, రాత్రి 9:15

రావు గారూ, ఇది చదివి మా అమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుంది. ఏడో తరగతి. ఇందిరా పార్కు రింక్‌లో పొద్దున్నే ఇన్‌లైన్ హాకీ ఆడుతుంది, చక్రాల మీద.

చక్రాల నుంచి బ్లేడ్ మీదికి మారడం కష్టమేనా అని చాలామంది తల్లులు అడుగుతుంటారు. గుర్గావ్‌లో మాల్‌లో ఉన్న చిన్న ఐస్ రింక్‌కి తీసుకెళ్ళినప్పుడు చూశాను. ముందుకి పోవడం, వంపులు తిరగడం మొదటి గంటలోనే వచ్చేశాయి. ఆగడమే రాలేదు. చక్రాల మీద ఒక కాలు వెనక అడ్డంగా ఈడుస్తూ ఆగుతారు. ఐస్ మీద రెండు పాదాలూ ఒక్కసారిగా పక్కకి తిప్పి, మోకాళ్ళు వంచి, బ్లేడ్ అంచుతో ఐస్‌ని గీరాలి. పక్కన తెల్లగా పొడి లేస్తుంది చూడండి, అదే. మా పిల్ల ప్రతిసారీ గోడకి గుద్దుకునే ఆగింది. నవ్వుతూనే ఉంది, నాకే టెన్షన్.

ఇలా చక్రాల నుంచి వెళ్ళి గెలిచినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. ఈ జనవరిలో లేహ్‌లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో మన నయనశ్రీ తాళ్ళూరి షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్‌లో తెలంగాణకి స్వర్ణం తెచ్చింది. మాకు ఒక సంస్థ వాళ్ళు ‘ఐస్ క్యాంప్’ అని డబ్బు కట్టించుకుని చివరికి టైల్స్ మీద చక్రాలతోనే ఆడించి పంపారు. పేరు రాయను. కట్టేముందు మిగతావాళ్ళు ఫొటోలు, వీడియోలు అడగండి.

మోడరేటర్ | ఏప్రిల్ 22, రాత్రి 9:40

ఆ సంస్థ పేరు ఎవరూ ఊహించి రాయొద్దు. రెండు పోస్టులు తీసేశాను.

సైనిక్‌పురి_సింధు | జూన్ 8, ఉదయం 7:50

థ్రెడ్ పైకి తెస్తున్నా. అల్ ఐన్‌లో జరిగిన మహిళల ఆసియా కప్‌లో మనకి కాంస్యం! యూఏఈ స్వర్ణం, ఇరాన్ రజతం. మన మహిళల జట్టుకి ఇదే తొలి అంతర్జాతీయ పతకం.

ఈ జట్టు మొదలైంది 2016లో. దాదాపు అంతా లద్దాఖ్ పిల్లలే. చలికాలం చెరువులు గడ్డకట్టిన రెండు నెలలే ప్రాక్టీసు. తొలి టోర్నీకి తైపీ వెళ్ళడానికి టికెట్ల డబ్బు జనం దగ్గర చందాలు పోగుచేసుకున్నారు. తర్వాతి ఏడాది బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ని 4–3తో ఓడించారు, అదే మొదటి గెలుపు. కెనడా దిగ్గజం హేలీ వికెన్‌హైజర్ ఇది విని 2018లో స్వయంగా లద్దాఖ్ వచ్చి నేర్పింది. అదే ఏడాది చివర్లో మన జట్టుని కాల్గరీకి పిలిపించుకుంది.

వరంగల్_విమర్శ | జూన్ 8, ఉదయం 8:30

ఇది చూడాల్సింది. ఆ మ్యాచ్‌ల వీడియోలు ఎక్కడైనా ఉన్నాయా?

ఆసియా కప్‌లో ఎవరు గెలుస్తారో ముందే తెలియదు కదా. నేను కోరుకున్నది అదే.

ఎస్పూ_గాయం | జూన్ 8, ఉదయం 8:44

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. విమర్శ గారు ఐస్ హాకీ వీడియో అడిగారు.

కోల్డ్‌స్టోరేజ్_రావు | ఆగస్టు 21, రాత్రి 8:20

డెహ్రాడూన్ రింక్ మళ్ళీ తెరిచారు. ఈ నెల అక్కడే ఆసియన్ ఓపెన్ షార్ట్ ట్రాక్ పోటీలు పెట్టారు. పూర్తి సైజు ఐస్, ఇండోర్, మన దేశంలోనే. ఇందిరాపార్క్ అమ్మగారూ, దసరా సెలవులకి ఢిల్లీ దాకా రైలు, అక్కడి నుంచి బస్సో ఇంకో రైలో. వెళ్ళేముందు పబ్లిక్ సెషన్లు ఉన్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

ఇందిరాపార్క్_అమ్మ | ఆగస్టు 21, రాత్రి 9:05

టికెట్లు చూస్తున్నా! ఒక్క ప్రశ్న. సొంత బ్లేడ్ షూ కొనాలంటే ఏ సైజు తీసుకోవాలి? పిల్ల ఎదుగుతోందని రెండు సైజులు పెద్దది తీసుకుందామనుకుంటున్నా.

మూడో_పీరియడ్ | ఆగస్టు 21, రాత్రి 9:30

వద్దండీ! హాకీ స్కేట్ మామూలు బూటు కంటే ఒక సైజు తక్కువే ఉంటుంది. నిలబడితే వేళ్ళు ముందు క్యాప్‌కి ఆనీ ఆననట్టు తగలాలి, మోకాళ్ళు వంచితే కాస్త వెనక్కి రావాలి, మడమ మాత్రం కదలకూడదు. వదులుగా ఉంటే చీలమండ పక్కకి వాలిపోతుంది, అప్పుడు ఆగడం అసలు రాదు. మొదటిసారి అక్కడే అద్దెకి తీసుకుని చూడండి. మోకాలి ప్యాడ్లు, హెల్మెట్ మాత్రం మీవే పట్టుకెళ్ళండి. ఉన్ని సాక్సులు కాకుండా ఒక జత పల్చటివి వేయండి.